లోపల గడియ లేని గది

జూన్ 12

పిన్నీ,

చెవి మిషను పెట్టుకుంటున్నావా, మళ్ళీ సొరుగులో పడుకోబెట్టావా? మొన్న ఫోన్లో నాలుగుసార్లు "ఆ? ఆ?" అని పెట్టేశావు. మనిద్దరికీ ఇక ఉత్తరాలే నయం అని ఆ రోజే తీర్మానించుకున్నాను. అమ్మ పోయాక నాకు పెద్దదిక్కువి నువ్వొక్కదానివే. నీతో కబుర్లు సగంసగం అయితే నాకు తోచదు.

ముందు మా కాలేజీ లైబ్రరీ సంగతులు. చదువుకునే గదిలో రెండు ఫ్యాన్లు బాగయ్యాయి. మూడోది తిరుగుతుంది కానీ గాలి రాదు. చెదలు పట్టిన బీరువాని ఎట్టకేలకు బయటికి గెంటేశాం. కొత్త పుస్తకాలు నూట పద్నాలుగు వచ్చాయి. వాటికి నంబర్లు వేసి, వీపుల మీద చీటీలు అంటించేసరికి నా వేళ్ళకి పట్టిన జిగురు అన్నం తినేటప్పుడు కూడా వదలట్లేదు.

నెలనెలా "గ్రంథాలయ కబురు" అని రెండు పేజీల కాగితం తెస్తున్నానని చెప్పాగా. కొత్తగా ఏం వచ్చాయి, ఏవి చదవచ్చు అని రాస్తాను. పిల్లలు నిజంగానే చదువుతున్నారు, కొంతమంది నోటుబుక్కుల్లో అంటించుకుంటున్నారు కూడా. జూలై కబురు ఆడవాళ్ళూ న్యాయమూ అనే విషయం మీద వేద్దామనుకుంటున్నాను. ముప్పై ఒక్కేళ్ళు కోర్టులో స్టెనోగా కూర్చున్నదానివి, నీకు తెలిసినంత నాకేం తెలుసు? మా పిల్లలు ఏం చదవాలో నాలుగు పుస్తకాలు చెప్పు.

కాగితం కాపీలు తీయాలంటే ఆఫీసు సూపరింటెండెంటు సంతకం కావాలి. ఆయన కామాలు కూడా వదలకుండా చదువుతాడు. చదివి "బాగుందండీ" అంటాడు. ఎందుకోగానీ ఆ మాట వినగానే ఏదో తప్పు రాశానేమో అని మళ్ళీ చూసుకుంటాను.

మా తాళాలమ్మ నీ క్షేమం అడిగింది. గుర్తుందా, మా అటెండరు? తొమ్మిదేళ్ళుగా నా దగ్గరే. నడుముకి తాళాల గుత్తి వేలాడేసుకుని తిరుగుతుంది. ఆ గలగల వినపడితే చాలు, గుసగుసలు ఆగిపోతాయి.

నీ
పిచ్చుక


జూన్ 20

పిచ్చుకకి దీవెనలు.

మిషను పెట్టుకుంటే పక్కింటి వాళ్ళ కుక్క నా బుర్రలో మొరిగినట్టుంటుంది. అందుకే తీసేశాను. దాని గురించి మళ్ళీ అడక్కు.

నన్నే ఎందుకు అడుగుతున్నావు? కోర్టులో నేను చదివిందేమీ లేదు, చెప్పింది రాసుకున్నాను అంతే. ఎవరైనా నీ చెవిలో ఏదైనా వేశారా? లేకపోతే సరే.

మూడు చెప్తాను. ఒకటి, పని చేసే చోట ఎవడైనా వేధిస్తే ఫిర్యాదు ఎలా రాయాలో చెప్పే చిన్న చేతిపుస్తకం. పచ్చ అట్ట, వంద పేజీలు కూడా ఉండదు. వెనక నమూనా ఫిర్యాదు ఉంటుంది. రెండు, ఒక లాయరమ్మ తన మొదటి పదేళ్ళ కేసుల గురించి రాసుకున్నది. మూడు, పాత తీర్పుల సంపుటం. మూడోది మీ పిల్లలు ముట్టుకోరు, అయినా పెట్టు. అలమరలో గంభీరంగా ఉంటుంది.

నా పేరు ఎక్కడా వెయ్యకు. నీ కాగితం అచ్చుకి ముందు ఎవరెవరు చూస్తారో కూడా నాకు రాయి. కామాలు చదివే మనిషి ఊరికే చదవడు, దేనికోసమో వెతుకుతుంటాడు.

ఎండలో తిరక్కు. కళ్ళజోడు మార్పించుకున్నావా? నీ అక్షరాలు పెద్దవయ్యాయి.

మీ పిన్ని


జూలై 9

పిన్నీ,

కబురు వచ్చింది. ఒక కాపీ దీంతో పెట్టాను. నీ పేరు వెయ్యలేదు, చూసుకో. కాపీ పెట్టాగా, ఇక నువ్వే తప్పులు పట్టు.

నేను కలలో కూడా అనుకోలేదు, వారం తిరక్కుండా అందులో వేసిన పద్నాలుగు పుస్తకాల్లో పదకొండు వెళ్ళిపోయాయి. లాయరమ్మ పుస్తకానికి ఐదుగురు వరసలో ఉన్నారు. నీ తీర్పుల సంపుటం మాత్రం గంభీరంగానే ఉంది.

ఇక్కడ ఒక చిత్రం జరిగింది. నీ పచ్చ అట్ట పుస్తకం అలమరలో లేదు, రిజిస్టర్లోనూ లేదు. ఎవరూ తీసుకోలేదు, అయినా లేదు. రెండు రోజులు వెతికితే అట్లాసుల వెనక దొరికింది. నమూనా ఫిర్యాదు ఉన్న పేజీలో ఎర్ర దారం పెట్టి ఉంది. తీసి దాని చోట పెట్టాను. మర్నాటికి మళ్ళీ అట్లాసుల వెనక ఉంది.

ఇంతలో ప్రిన్సిపాల్ గారు పిలిచారు. ఆ పుస్తకాలు ఎవరెవరు తీసుకున్నారో పేర్లు కావాలన్నారు. ముఖ్యంగా ఫిర్యాదుల పుస్తకం ఎవరి చేతికి వెళ్ళిందో చెప్పమన్నారు. ఎందుకని అడిగితే "ఊరికే, లెక్క కోసం" అన్నారు. ఈయన ఈ పదేళ్ళలో లైబ్రరీ లెక్క ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. మధ్యాహ్నం సూపరింటెండెంటు కూడా వచ్చి కౌంటరు మీద చెయ్యి వేసుకుని అదే అడిగాడు. చూసి చెప్తానని ఇద్దరికీ అన్నాను.

ఆ పుస్తకం కోసం ఎవరో తిరుగుతున్నారని వాళ్ళకెలా తెలిసింది? లైబ్రరీలో ఉండేది మేమిద్దరమే. తాళాలమ్మ ఈ మధ్య రోజుకొకసారి పై అంతస్తులో ఆఫీసుకి వెళ్ళొస్తోంది. ఎందుకెళ్ళావంటే "సంతకానికి మేడమ్" అంటుంది. అన్ని సంతకాలేంటో నాకు అర్థం కాదు. వచ్చాక గంటసేపు మాట్లాడదు. నేను వెళితే చేతిలోది టక్కున కింద పెట్టేస్తుంది. తొమ్మిదేళ్ళ మనిషిని అనుమానించడానికి నాకే సిగ్గుగా ఉంది, కానీ నిన్నటి నుంచి తన చేతులే చూస్తున్నాను.

పిచ్చుక


జూలై 17

పిచ్చుకకి,

కాగితం చదివాను. పైన మూడు వాక్యాలు నువ్వే రాశావా? "న్యాయం తీర్పు చెప్పే నోటితో మొదలవదు. రాసుకునే చేతితో మొదలవుతుంది. ఆ చెయ్యి ఏం రాసింది, ఏం వదిలేసింది అని అడగడం నేర్చుకోవాలి." బాగుంది. పేరు వెయ్యలేదన్నావు కానీ ఇంతకన్నా పేరు ఎలా వేస్తారు? మీ అమ్మ నీకు చెప్పిందన్నమాట. చెప్పనని నా చేతిలో చెయ్యి వేసింది. పోయిన మనిషిని ఏమనను. కానీ నువ్వు నన్ను సూటిగా అడిగి ఉండాల్సింది, కాలేజీ కాగితంలో కాదు.

అది అలా ఉంచు. పేర్లు ఇవ్వకు. ప్రిన్సిపాల్ కాదు కదా, ఇంకెవరు అడిగినా ఇవ్వకు. చదివే వాళ్ళ పేర్లు ఇవ్వడం లైబ్రరీలో పద్ధతి కాదని చెప్పు. నోటితో కాదు, రాసి ఇవ్వు.

నీ తాళాలావిడ సంగతి. ముప్పై ఒక్కేళ్ళు తలుపుల దగ్గర నిలబడే వాళ్ళని చూశాను. లోపలి మాట బయటికి మోసేవాళ్ళు మూడు పనులు చేస్తారు: పిలవకపోయినా పైకి వెళతారు, వచ్చాక మాట తగ్గిస్తారు, చేతిలోది దాస్తారు. నువ్వు రాసినవి మూడూ అవే. ముందు తాళాలు తీసుకో. రిజిస్టరుకి దూరంగా ఏదైనా పని అప్పగించు. కారణం చెప్పకు, చెబితే జాగ్రత్త పడుతుంది.

మీ పిన్ని


జూలై 26

పిన్నీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివినా మొదటి సగం నాకు అర్థం కాలేదు. ఆ చెయ్యి నాది. రిజిస్టరు రాసే చెయ్యి. ఎవరు ఏం చదివారో రాసిపెడుతున్నాను, రేపు అది ఎవరి మీదకి పోతుందో అనే భయంతో రాసిన మాటలు అవి. నీ ఊహే లేదు అందులో. అమ్మ నాకేం చెప్పలేదు. రెండేళ్ళ సర్వీసు ఉండగానే పిన్ని ఎందుకు మానేసిందని ఒకసారి అడిగితే "చెవులు" అని ఊరుకుంది. చెవులు కాదన్నమాట. చెప్పదలుచుకుంటే చెప్పు, లేకపోతే నేను అడగను. కానీ నీ వెనక నేనేదో గోతులు తవ్వుతున్నానని అనుకోకు.

నువ్వు చెప్పినట్టే చేశాను. పేర్లు ఇవ్వనని రాసిచ్చాను. ప్రిన్సిపాల్ గారి ముఖం మాడిపోయింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. కాలేజీలో ఒక అధికారి మీద ఎవరో సంతకం లేకుండా ఫిర్యాదు పంపారట. రాసిన తీరు అచ్చం ఆ పుస్తకంలోని నమూనాలా ఉందట. అందుకే ఎవరు చదివారో కావాలి. ఏ అధికారి అంటే చెప్పలేదు. ఎవరో విద్యార్థిని అయి ఉంటుందని నా ఊహ. ఆ పిల్ల పేరు నా నోట రాకూడదు.

తాళాలమ్మ దగ్గర గుత్తి తీసేసుకున్నాను. కింద బైండింగు గదిలో పాత పేపర్లు తేదీల వారీగా కట్టలు కట్టమన్నాను. ఎందుకని అడగలేదు. గుత్తి విప్పి నా బల్ల మీద పెట్టి, "ఆ గదికి లోపల గడియ లేదు మేడమ్" అంది. పాత పేపర్లు ఎవరు ఎత్తుకుపోతారులే అన్నాను. కిందకి వెళ్ళిపోయింది. పని తప్పించుకోడానికి సాకులు అనుకున్నాను.

నువ్వన్నది నిజమే అనిపిస్తోంది. వారం నుంచి పుస్తకం అట్లాసుల వెనక్కి పోవట్లేదు. అసలు ఎక్కడా లేదు. సూపరింటెండెంటు మెట్ల దగ్గర ఎదురై, "ఆ మనిషిని కిందకి పంపి మంచి పని చేశారండీ" అన్నాడు. మొదటిసారి నవ్వాడు. నాకెందుకో చేతులు కడుక్కోవాలనిపించింది.

కళ్ళజోడు మార్పించాను. అక్షరాలు తగ్గాయా?

పిచ్చుక


ఆగస్టు 3

పిచ్చుకా,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. కింద గది గురించి తను అన్న మాట మళ్ళీ చదువు. పేపర్లు పోతాయని ఏ మనిషీ లోపల గడియ అడగదు. బయట తాళం అడుగుతుంది. లోపల గడియ అడిగిందంటే తను లోపల ఉండగా ఎవరో వస్తారని. ఈ ఉత్తరం చేతిలో పట్టుకునే కిందకి వెళ్ళు.

అనుమానం నేనే అంటించాను. నేను చెప్పిన మూడు పనులూ మోసే వాళ్ళే చెయ్యరు, భయపడే వాళ్ళు కూడా చేస్తారు. అది నాకు తెలియాలి. ఎందుకు తెలియాలో చెప్తాను, నువ్వు అడగకపోయినా.

నా ఆఖరి ఏడాది ఒక కేసు. సాక్షి ముప్పై ఏళ్ళ మనిషి, గొంతు చిన్నది. "ఎందుకు కేకలు వెయ్యలేదు?" అని అడిగారు. "వేశానయ్యా, ఎవరూ రాలేదు" అంది. జడ్జి గారు నా వైపు తిరిగి, "కేకలు వెయ్యలేదని సాక్షి ఒప్పుకుంది" అని రాయమన్నారు. ఆయనకి సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను. నాకు వినపడింది. అప్పటికి నా చెవులు బానే ఉన్నాయి. అయినా ఆయన చెప్పిందే టైపు చేశాను. ఆ ముక్క మీదే కేసు పోయింది. నాలుగు నెలల తర్వాత మానేశాను. మీ అమ్మకి ఒక్కదానికే చెప్పాను. మాట నిలబెట్టుకుంది. అక్కని అనవసరంగా అన్నాను.

ఉత్తరం చేరేసరికి ఆలస్యమవుతుందని నీ సెల్లుకి చేశాను, మోగి మోగి ఆగిపోయింది. నువ్వు పంపిన కాగితం కింద కాలేజీ నంబరు ఉంటే దానికి చేశాను. పదకొండున్నరకి. ఎవరో మగమనిషి, మర్యాదస్తుడు. తాళాలావిడని కింద గదిలో ఒంటరిగా ఉంచొద్దని, ఎవరో తనని వేధిస్తున్నట్టున్నారని, లైబ్రరీ మేడమ్‌కి వెంటనే చెప్పమన్నాను. సగం వినపడలేదు కానీ "సరే అమ్మా, నేను చూసుకుంటాను" అన్నాడు. నీకు ఈపాటికి చెప్పే ఉంటాడు.

పిన్ని


ఆగస్టు 11

పిన్నీ,

నువ్వు ఫోన్ చేసింది ఆఫీసుకి. ఎత్తింది సూపరింటెండెంటు. తాళాలమ్మ ఎవరిమీద ఫిర్యాదు రాసిందో ఆ మనిషి. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. సెల్లులో నీ మిస్డ్ కాల్ రాత్రి చూశాను, తిరిగి చేసినా నీకు వినపడదు, ఉత్తరం రాస్తావులే అనుకున్నాను.

నాలుగో తేదీ పొద్దున్న పది గంటలకి నన్ను కిందకి పిలిపించారు. వెళ్ళేసరికి ఆయన, గేటు దగ్గర కాపలా మనిషి, మధ్యలో బల్ల మీద తాళాలమ్మ సంచి బోర్లించి ఉంది. గిన్నె, దువ్వెన, తుండుగుడ్డ, నీ పచ్చ అట్ట పుస్తకం. "ఇది లైబ్రరీదేనా అండీ?" అన్నాడు. అవునన్నాను. "రిజిస్టర్లో రాసి ఉందా?" లేదన్నాను. దొంగతనం అని కాగితం రాసి నా ముందు పెట్టాడు. పిన్నీ, నేను సాక్షిగా సంతకం పెట్టాను. పుస్తకం మాయం చేసింది తనేనన్నమాట, మన అనుమానం సరైనదే అనుకుంటూ పెట్టాను. తాళాలమ్మ గోడ పక్కన నిలబడి నా వైపు చూస్తూనే ఉంది. నేను కాగితం చూస్తున్నాను. ఆ రోజే సస్పెండు చేశారు.

ఏడో తేదీ నీ ఉత్తరం వచ్చింది. సాయంత్రం తన ఇంటికి వెళ్ళాను. తొమ్మిదేళ్ళలో ఎక్కడుంటుందో కూడా నాకు తెలీదు, రిజిస్టర్లో చిరునామా వెతుక్కున్నాను. కుట్టుమిషన్ల కొట్టు మీద రెండు గదులు. వాళ్ళక్క తలుపు తీసి, నేనెవరో చెప్పగానే మళ్ళీ వెయ్యబోయింది. తనే వచ్చి మెట్ల మీద కూర్చుంది. నన్ను లోపలికి రమ్మనలేదు.

అన్నీ చెప్పింది. గొంతు కూడా పెంచలేదు. నాలుగు నెలల నుంచట. సెలవు కాగితం మీద సంతకం ఇవాళ కాదు రేపు అని రోజూ పైకి పిలుస్తాడు. తలుపు దగ్గరికి వేస్తాడు. మీద చెయ్యి వేస్తాడు. లైబ్రరీలోకి దిగి వస్తే తను పుస్తకాల గదిలోకి వెళ్ళి, సర్దుతున్నట్టు లోపల తాళం వేసుకునేది. అందుకు ఆ గుత్తి. అది నేను తీసుకున్నాను. కింద గదిలోకి రెండుసార్లు వచ్చాడట. పాత పేపర్ల కట్టలు తలుపుకి అడ్డం పేర్చుకుని, వాటి మీద కూర్చుని పని చేసేదట.

సంతకం లేని ఫిర్యాదు తనదే. ప్రిన్సిపాల్ గారి పేరుకి పంపింది. ఆయన టపా అంతా ముందు విప్పేది ఎవరనుకున్నావు?

పుస్తకం ఎందుకు దాచావు, నన్ను అడిగితే ఇచ్చేదాన్నిగా అన్నాను. అప్పుడు నా ముఖంలోకి చూసింది. "మా గ్రేడు వాళ్ళకి లైబ్రరీ కార్డు లేదుగా మేడమ్. అందరూ చదవండి అని మీరు రాసిన కాగితం గోడకి అంటించింది నేనే. చదివి పెట్టేసేదాన్ని. కిందకి పంపాక చదవడానికి వీల్లేక సంచిలో పెట్టుకున్నా." మళ్ళీ తనే అంది. "నా మీద అనుమానం వస్తే నన్ను అడిగి ఉండొచ్చు. అడగలేదు."

మెట్లు దిగి వచ్చేశాను.

నీ మీద చాలా కోపంగా ఉంది పిన్నీ. ఎంత తెలిసినట్టు రాశావు, ఎంత నమ్మకంగా చెప్పావు. నా మీద ఇంకా ఎక్కువ కోపంగా ఉంది. ఒక దారి ఆలోచించాను. రిజిస్టర్లో జూలై రెండో తారీకు దగ్గర ఒక వరస ఖాళీ ఉంది. నా కార్డు మీద ఆ పుస్తకం తీసి తనకి ఇచ్చినట్టు రాసేస్తే దొంగతనం మాట ఎగిరిపోతుంది. ఈ వారంలో రాసేద్దామనుకుంటున్నాను. నీకు చెప్పకుండా చెయ్యాలనుకున్నాను కానీ అలవాటు, చెప్పేశాను.

పిచ్చుక


ఆగస్టు 14

పిచ్చుకా,

రాయకు. దీన్ని కొరియర్లో పంపుతున్నాను. ఇప్పటికే రాసేసి ఉంటే ఆ పేజీని ముట్టుకోకుండా ఫోటో తీసి నీ దగ్గర పెట్టుకో, అబద్ధం రాశానని కూడా ఒప్పుకుందువుగాని.

నీ కోపం సబబే. నా తప్పు సంగతి నేను తర్వాత చూసుకుంటాను.

ఖాళీ వరసలో తర్వాత రాసింది ఎవరైనా పట్టేస్తారు. సిరా వేరుగా ఉంటుంది, ఒత్తు వేరుగా ఉంటుంది. "ఇది ఎప్పుడు రాశారు?" అని ఒక్క ప్రశ్న అడిగితే నువ్వు తడబడతావు. నువ్వు తడబడితే అబద్ధమాడింది తనవుతుంది. నిజం ఉండగా అబద్ధం ఎందుకు? నీకు కష్టమైన నిజం ఉంది, అది రాయి.

మొదట తనని అడుగు. ఇప్పుడు పేరు పెట్టి, సంతకం పెట్టి ఫిర్యాదు ఇవ్వదలుచుకుందా లేదా. వద్దంటే బలవంతం చెయ్యకు. సరేనంటే, బయటి సభ్యురాలు ఉన్న విచారణ కమిటీ కావాలని రాయమను. ఆ కాగితం సూపరింటెండెంటు చేతుల మీదుగా వెళ్ళకూడదు.

తర్వాత నీ వాంగ్మూలం. ఏ తేదీన తాళాలు తీసుకున్నావు, ఏ అనుమానంతో, ఆ అనుమానం ఎవరు పుట్టించారు, తను గడియ గురించి ఏమంది, నువ్వేం జవాబిచ్చావు, ఆయన మెట్ల దగ్గర ఏమన్నాడు, సంతకం ఏ ఆలోచనతో పెట్టావు. నిన్ను తక్కువ చేసే ముక్కలు ఒక్కటి కూడా మింగకు. అవి ఉంటేనే మిగతావి నమ్ముతారు.

నా వాంగ్మూలం దీంతో పెట్టాను. మూడో తేదీ పదకొండున్నరకి ఫోన్ చేశాననీ, ఏమన్నాననీ, ఏం విన్నాననీ. నాకు సరిగ్గా వినపడదని కూడా రాశాను. ఆ మర్నాడే సోదా జరిగిందన్నది వాళ్ళే చూసుకుంటారు. రమ్మంటే వస్తాను. మిషను పెట్టుకునే వస్తాను.

పిన్ని


సెప్టెంబరు 16

పిన్నీ,

రాయలేదు. పెన్ను తీశాను కానీ నీ కొరియరు ఒక పూట ముందొచ్చింది.

వెళ్ళి తాళాలమ్మని అడిగాను. ఐదు రోజులు తీసుకుంది. ఆరో రోజు వాళ్ళక్కతో వచ్చి సంతకం పెట్టిన ఫిర్యాదు నా చేతికి కాదు, నేరుగా ప్రిన్సిపాల్ గారి చేతికి ఇచ్చి, అందినట్టు రాయించుకుంది. అది కూడా ఆ పుస్తకంలో ఉందట. నేను అంత దూరం చదవలేదు.

విచారణ మూడు రోజులు జరిగింది. కమిటీలో ముగ్గురు, బయటి నుంచి వచ్చిన ఒక లాయరమ్మ వాళ్ళకి పెద్ద. నన్ను రెండో రోజు పిలిచారు. నా కాగితం నేనే చదివాను. "అనుమానంతో తాళాలు తీసుకున్నాను, తనని అడగలేదు" అన్న దగ్గర ఆగిపోతే లాయరమ్మ మంచినీళ్ళ గ్లాసు నా వైపు తోసింది. సూపరింటెండెంటు ఎదురుగానే కూర్చున్నాడు. నా వాంగ్మూలం అయ్యాక, "మేడమ్ గారు వాళ్ళ పిన్ని మాట విని కథలు అల్లుతున్నారు" అన్నాడు. నీ కాగితం చదివారు. ఫోన్ వచ్చిందని ముందు ఒప్పుకోలేదు. ఆఫీసు ఫోన్ల పట్టీ తెప్పించి చూస్తే ఉంది, పదకొండు ముప్పై రెండు. అప్పుడు "ఎవరో చెవిటావిడ, ఏదో అంది, అర్థం కాలేదు" అన్నాడు. అర్థం కాకపోతే మర్నాడే సంచి ఎందుకు వెతికారని లాయరమ్మ అడిగింది. 

నువ్వు తప్పక వినాల్సింది ఇంకొకటుంది. తాళాలమ్మ చెబుతుంటే లాయరమ్మ పక్కనున్న టైపిస్టు చేత "ఫిర్యాది ఇబ్బందికి గురయ్యానని చెప్పింది" అని రాయించిందట. తాళాలమ్మ దాన్ని చదివి వినిపించమంది. విని, "నేను ఇబ్బంది అనలేదమ్మా. భయపడ్డాను అన్నాను. భయపడ్డాను అనే రాయండి" అంది. టైపిస్టు లాయరమ్మ వైపు చూసిందట. లాయరమ్మ క్షమించమని, కొట్టేసి మళ్ళీ రాయించింది. ఇలా మూడు చోట్ల. ఇది నాకు వాళ్ళక్క చెప్పింది, ఆవిడ ఇప్పుడు నాతో రెండు ముక్కలు మాట్లాడుతోంది.

ఎలా తేలిందంటే, దొంగతనం కాగితం వెనక్కి తీసుకున్నారు. సస్పెన్షన్ రద్దు. ఆయన తప్పు చేశాడని కమిటీ రాసింది, ఉద్యోగం తీసెయ్యమని పైకి పంపింది. పైవాళ్ళు ఇంకా ఏమీ చెప్పలేదు. అందాకా ఈ ఆవరణలోకి అడుగు పెట్టకూడదు. నా మీద కూడా ఒక ముక్క రాశారు, కింది ఉద్యోగి భద్రత పట్టించుకోలేదని. అది నా సర్వీసు పుస్తకంలో ఉంటుంది. ప్రిన్సిపాల్ గారు "గ్రంథాలయ కబురు" ఆపెయ్యమన్నారు. అన్ని గ్రేడుల వాళ్ళకీ కార్డు ఇవ్వాలని నేను రాసిన అర్జీ ఆయన బల్ల మీదే ఉంది. రోజూ వెళ్ళి అడుగుతున్నాను. నన్ను చూస్తే ఆయన ఫోన్ ఎత్తుకుంటున్నారు.

నిన్న తను తిరిగి చేరింది. తొమ్మిదింటికే గుత్తి తీసి కౌంటరు మీద పెట్టుకుని కూర్చున్నాను. పదింటికి వచ్చింది, కానీ చేతిలో బదిలీ కాగితం ఉంది. పరీక్షల విభాగానికి తనే అడిగి వేయించుకుందట. నాకొక మాట చెప్పి వెళదామని వచ్చింది.

నేను నిలబడ్డాను. ఎన్నాళ్ళుగానో లోపల కూడగట్టుకున్నదంతా చెప్పాను. తప్పు నాదని, కారణం చెప్పకుండా పంపించానని, సంతకం పెట్టేటప్పుడు తన ముఖం చూడలేకపోయానని. మళ్ళీ ఇక్కడే ఉండమని అడిగాను. అంతా విన్నాక నెమ్మదిగా చెప్పింది.

"అక్కడ మీరు చెప్పింది నిజం మేడమ్. మీ మీదకి వస్తుందని తెలిసి కూడా చెప్పారు. అది నేను మర్చిపోను. కానీ మీ దగ్గర పని చెయ్యలేను. మీరు నా చేతుల వంక చూసినప్పుడల్లా ఏం వెతుకుతున్నారో అనిపిస్తుంది."

ఇప్పుడు వెతకనని అన్నాను. "మీకు తెలుసు. నాకు తెలియాలి కదా" అంది.

ఎన్నాళ్ళు పడుతుందని నోటిదాకా వచ్చింది, అడగలేదు. వంగి బదిలీ కాగితం మీద నేను పెట్టాల్సిన సంతకం చోటు చూపించింది. పైనుంచి కిందిదాకా మొత్తం చదివి పెట్టాను. తను ఆ కాగితం నాలుగు మడతలు పెట్టుకుని, నేను చూస్తుండగానే సంచిలో వేసుకుని వెళ్ళింది.

నీ
పిచ్చుక